గురువారం బెంచీ మీద అడిగిన ప్రశ్న

1963వ సంవత్సరం, వానాకాలం చివర. అప్పుడు నేను కరీంనగర్ జిల్లాలో ఒక మిషన్ దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రోగుల రక్తం, మూత్రం, కఫం పరీక్షించి డాక్టర్లకు రాసివ్వడం నా పని. రోజూ పొద్దున సూది, సీసాలు పట్టుకొని వార్డులో తిరిగేవాణ్ణి కాబట్టి రోగులు నాకు రక్తం సారు అని పేరు పెట్టారు. నేను గుమ్మంలో కనబడగానే ఎవరో ఒకరు, "రక్తం సారొస్తున్నడు, చేతులు దాసుకోండ్రి" అని అరిచేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఆ యేటి డైరీ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఎవరు ఏమన్నారన్నది అప్పుడు రాసుకున్నదే. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

మా డాక్టరమ్మది గుంటూరు వైపు. మా దవాఖానకు వచ్చిన కొద్దికాలానికే ఆమె ఒక సంగతి గమనించారు. కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి వచ్చే రోగులు ఇక్కడ ఎక్కువ. వాళ్ల కాలేయం, మా వైపు కార్జం అంటారు, రాయిలా తగిలేది. దీన్ని సిరోసిస్ అంటారు. కాలేయం లోపల మచ్చలు పడి, గట్టిబడి, ముడులు ముడులుగా మారిపోవడం. కొందరికి ఆ ముడుల్లోనే క్యాన్సర్ పుడుతుంది. ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లకు కూడా ఈ జబ్బు చూడగానే ముందుగా గుర్తొచ్చేది సారాయే. కానీ మా దగ్గరకు వస్తున్న వాళ్లలో ఆడవాళ్లు ఉన్నారు, పసిపిల్లలు ఉన్నారు. "తాగుడు కాకపోతే మరేమిటి?" అనేది డాక్టరమ్మ ప్రశ్న. అది తేలాలంటే ముందు ఎవరు తాగారో, ఎవరు తాగలేదో కచ్చితంగా తెలియాలి. హైదరాబాదులోని ఒక వైద్య కళాశాల వాళ్లతో మాట్లాడి ఆమె దీని మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు.

పరిశోధన అనగానే ఏవో పెద్ద యంత్రాలు అనుకుంటారు చదివేవాళ్లు. మా దగ్గర ఉన్నది కిరోసిన్‌తో నడిచే ఒక ఫ్రిజ్, ఒక మైక్రోస్కోప్, కొన్ని గాజుసీసాలు. అసలు పనిముట్టు ప్రశ్నలే. ఏం తింటారు, ఏ నీళ్లు తాగుతారు, ఇంట్లో ఇంకెవరికైనా కామెర్లు వచ్చాయా, సారాయి అలవాటు ఉందా. ఈ ప్రశ్నలు ప్రతి రోగినీ, వచ్చిన ప్రతిసారీ, ఒకే మాటల్లో అడగాలి. ఒకరిని ఒక తీరుగా, మరొకరిని ఇంకో తీరుగా అడిగితే జవాబులను పక్కపక్కన పెట్టి చూడలేం. డాక్టరమ్మ భాష మావాళ్లకు, మావాళ్ల భాష ఆమెకు సరిగ్గా అందేది కాదు. నేను జగిత్యాల వైపు వాణ్ణి. అందుకని అడిగే పని నాకు అప్పగించారు.

రోగి చనిపోతే పోస్ట్‌మార్టం చేసి, కాలేయం మొత్తాన్ని చూడగలిగితే తెలిసేది ఎక్కువ. సూదితో తీసిన ముక్కలో కనిపించనిది అందులో కనిపిస్తుంది. కానీ దానికి ఒప్పుకునే కుటుంబాలు చాలా అరుదు. పోయిన మనిషిని కోస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? డాక్టరమ్మ ఒకసారి అడిగేవారు. కాదంటే రెండోసారి అడిగేవారు కాదు.

యాకోబు వచ్చింది ఆ రోజుల్లోనే. నస్పూర్ దగ్గర బొగ్గుగనిలో టింబర్‌మన్. అంటే గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. పొడుగు మనిషి, కాళ్లూ చేతులూ సన్నబడిపోయి, పొట్ట ఒక్కటే ముందుకు వచ్చి ఉంది. వెంట భార్య మార్తమ్మ, ఆమె అన్న దేవయ్య వచ్చారు. మంచిర్యాలలో రైలెక్కి పెద్దపల్లిలో దిగి, అక్కడి నుంచి బస్సులో వచ్చేసరికి ముగ్గురూ దుమ్ముకొట్టుకుపోయారు.

డాక్టరమ్మ ఎడమచేతి వేలు అతని పొట్ట మీద ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద తడుతూ పోయారు. లోపల గట్టిగా ఉన్నచోట ఒక మోత, గాలి ఉన్నచోట ఒక మోత వస్తుంది. దాన్నిబట్టి కాలేయం ఎంతవరకు పెరిగిందో తెలుస్తుంది. యాకోబు కాసేపు చూసి నవ్వాడు.

"మేం గూడ గిట్లనే కొడ్తం అమ్మా, గనిల కప్పు మీద, కర్రతోని. మంచి కప్పైతే ఖంగుమంటది. లోపల బోలుంటే డొల్లగ మోగుతది."

"అయితే నీ కప్పు ఎలా ఉంది?" అన్నారు డాక్టరమ్మ.

"నా కప్పు కింద నేనే ఉంటి. నాకెట్ల ఇనవడ్తది? మీరే జెప్పాలె."

తరువాత నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. తిండి, నీళ్లు, కామెర్లు అయ్యాయి. "సారాయి అలవాటు ఉన్నదా? ఇప్పుడు గాని, ఇంతకుముందు గాని?"

"ఉండె. ఇడిసిపెట్టిన."

"ఎప్పుడు?"

"బాప్తిస్మం తీసుకున్ననాడు. మా చిన్నబిడ్డ అప్పటికింక నడువనే లేదు. ఇప్పుడు దానికే బిడ్డ పుట్టింది."

"మళ్ల ముట్టలేదా?"

"ముట్టలే."

దేవయ్య గొంతు సవరించుకొని కిటికీ వైపు చూశాడు. మార్తమ్మ భర్తను చూడలేదు, అన్నను చూసింది. నేను జవాబు రాసుకున్నాను.

ఆ చూపు సంగతి మర్నాడు రక్తం తీస్తున్నప్పుడు యాకోబే చెప్పాడు. వాళ్లది మెథడిస్టు క్రైస్తవ సంఘం. అందులో చేరేటప్పుడు అందరి ముందూ నిలబడి తాగనని ప్రమాణం చేయాలి. తప్పినవాడికి ప్రభు భోజనం ఇవ్వరు. ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం గిన్నె అతన్ని దాటిపోతాయి. తప్పినవాడు ఒక ఆదివారం లేచి నిలబడి, తాగిన మాట నిజమే అని ఒప్పుకుంటే ఆ రోజే మళ్లీ ఇస్తారు. యాకోబు పొట్ట పెరగడం, కళ్లు పచ్చబడడం చూసి గని దగ్గర అందరూ ఒకే మాట అన్నారు, దొంగతనంగా తాగుతున్నాడని. సంఘ పెద్ద దేవయ్యే. చెల్లెలి మొగుడని చూడలేదు. గిన్నె ఆపేశాడు.

"ఒక్క మాట ఒప్పుకుంటే అయిపోతది గదా?" అన్నాను నేను.

"అందరు గదే అంటున్నరు. మా బావ గూడ అన్నడు, ఒప్పుకో, వచ్చే ఐతారమే ఇస్తమన్నడు." యాకోబు చేయి నా చేతిలోనే ఉంది. "మా సంఘంల ముచ్చట జూడు సారూ. తాగి ఒప్పుకున్నోనికి గిన్నె ఉన్నది. తాగనోనికి లేదు."

నేను నవ్వబోయి ఆగిపోయాను. అతను నవ్వడం లేదు.

"సంఘం సంగతి ఎట్లనన్న గానీ. ఇంట్ల మనిషి గూడ నమ్ముతలేదు. గని నుంచి వచ్చినంక నా టిఫిన్ డబ్బ మూత తీసి వాసన జూస్తది. నేను జూడలేదనుకుంటది."

రక్తం గడ్డకట్టే పరీక్షలు బాగానే వచ్చాయి. ఆ వారమే బయాప్సీ చేశాం. అంటే పక్కటెముకల మధ్య నుంచి సన్నని సూది దింపి, కాలేయం నుంచి ఒక చిన్న ముక్క తీయడం. సూది లోపల ఉన్నంతసేపు రోగి ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలి. కదిలితే లోపల రక్తం కారుతుంది. చాలామంది భయంతో మధ్యలోనే ఊపిరి వదిలేస్తారు. యాకోబు మాత్రం సూది బయటకు వచ్చాక కూడా బిగబట్టే ఉన్నాడు. ఇక వదలమని డాక్టరమ్మ చెప్పాల్సి వచ్చింది. "గనిల పొగొచ్చినప్పుడు అలవాటే" అన్నాడు.

తీసిన ముక్క అగ్గిపుల్లలో సగం కూడా ఉండదు. దాన్ని ఫార్మలిన్‌లో, అంటే ముక్క చెడిపోకుండా ఉంచే మందునీళ్లలో వేసి, సీసాకు మైనం పెట్టి, హైదరాబాదు బస్సులో పంపాను. అది తెలిసి యాకోబు వార్డంతా వినేలా అన్నాడు, "నేను జూడని పట్నం నా కార్జం జూసొచ్చె!"

జవాబు వచ్చింది. పెద్ద పెద్ద ముడులున్న సిరోసిస్, దాని మీద క్యాన్సర్. డాక్టరమ్మ యాకోబుకు దాచకుండా చెప్పారు. నయం చేసే మందు లేదని, నీరు చేరినప్పుడల్లా తీస్తామని, నొప్పి తగ్గిస్తామని చెప్పారు. అతను తల ఊపాడు. ఆ తరువాత మార్తమ్మను, దేవయ్యను తన గదికి పిలిపించారు. నేను పక్కనే ఉన్నాను. అంతా విన్నాక దేవయ్య అడిగిన మొదటి మాట, "తాగుడుతోనేనా అమ్మా?"

డాక్టరమ్మ హైదరాబాదు జవాబును మళ్లీ ఒకసారి చూశారు. "తాగేవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం కాదు ఇది. అయితే ఈ ముక్క చూసి ఆయన తాగలేదని కూడా నేను చెప్పలేను. కాలేయం అంత మాట చెప్పదు."

అది పూర్తిగా నిజం. పరిశోధన చేసేవాళ్లు అలాగే మాట్లాడాలి. కానీ బయటకు వచ్చాక వరండాలో దేవయ్య చెల్లెలితో అన్న మాట నాకు వినబడింది. "ఇన్నవా చెల్లె? తాగలేదని డాక్టరమ్మ అనలే." మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మెట్లు దిగిపోయింది.

యాకోబును ఇంటికి పంపాం. పరిశోధనలో ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాలి. దాన్ని ఫాలో-అప్ అంటారు. దానికి గురువారం పొద్దున కేటాయించాం. ఆ రోజు వరండాలో పొడుగాటి బెంచీ వేసేవాళ్లం. అందరూ వరుసగా కూర్చునేవారు. కానీ యాకోబు రైలు దిగి, బస్సెక్కి వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. అప్పటికి బెంచీ ఖాళీ అయ్యేది. అందుకని అతన్ని ల్యాబ్ గదిలోనే, అతనూ మార్తమ్మా మాత్రమే ఉన్నప్పుడు అడిగేవాణ్ణి. డాక్టరమ్మ ట్యాపింగ్ చేసేవారు, అంటే సూది గుచ్చి కడుపులో చేరిన నీరు తీయడం. నీరు బకెట్లోకి కారుతుంటే నేను పక్కన స్టూలు మీద కూర్చొని మళ్లీ మొదటి నుంచి చదివేవాణ్ణి. "సారాయి అలవాటు ఉన్నదా? ఇప్పుడు గాని, ఇంతకుముందు గాని?"

"ఉండె. ఇడిసిపెట్టిన."

రెండోసారి వచ్చినప్పుడు ఆ జవాబే చెప్పాడు, మూడోసారీ అదే. ఆ మూడోసారి తరువాత మార్తమ్మ ఒక్కతే ల్యాబ్ కిటికీ దగ్గరకు వచ్చింది.

"సారూ, ఒక మాట. గా తాగుడు ముచ్చట మల్ల మల్ల ఎందుకడుగుతున్నరు?"

"అది మా పద్ధతి, మార్తమ్మా. అడగాలె."

"నమ్మినోళ్లు ఒక్కపారే అడుగుతరు. ఆయన రక్తం జూసిన్రు, కార్జం జూసిన్రు, సదువుకున్నోళ్లు. మీకే నమ్మకం కుదుర్తలేదు. నాకెట్ల కుదరాలె సారూ?"

పద్ధతి గురించి మళ్లీ వివరించబోయాను. ఎంత చెబితే అంత దాస్తున్నట్టు అయింది. ఆమె కళ్లు తుడుచుకొని వెళ్లిపోయింది. నేను డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి, ఈయన విషయంలో ఆ ప్రశ్న వదిలేద్దామా అని అడిగాను.

"మధ్యలో ఒక్కరికి ప్రశ్న మారిస్తే మిగతా అందరి జవాబులూ పాడవుతాయి" అన్నారామె. పెన్ను మూతపెట్టి, మళ్లీ తీశారు. "అడగక తప్పదు. కానీ ఆవిడకు ఏం చెప్పాలో నాకూ తోచడం లేదు."

చలికాలం వచ్చింది. యాకోబు మళ్లీ వచ్చినప్పుడు నడవలేకపోయాడు. ఇక తిరిగి పంపే స్థితి కాదని డాక్టరమ్మ వార్డులో చేర్చుకున్నారు. ఆ రోజు నీరు తీస్తుండగా అతనే అడిగాడు.

"అమ్మా, సచ్చినంక గూడ మీరు కోసి జూస్తరట గదా?"

"ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే."

"నన్ను కొయ్యున్రి. నేను మాటిస్తున్న. కార్జం మొత్తం దీసి జూసి, ఈమెకు జెప్పున్రి." మార్తమ్మ మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉంది. "ముక్క జెప్పకపాయె. మొత్తం జెప్తదేమో."

"యాకోబూ, నాకు కనబడింది చెప్తాను. కనబడనిది చెప్పను. మొత్తం చూసినా నువ్వు కోరిన మాట అందులో దొరకకపోవచ్చు."

"దొరకకున్న మంచిదే. దాసుకున్నదేం లేదని తెలుస్తది గదా."

డాక్టరమ్మ తల దించుకొని సూది సర్దారు. మార్తమ్మ గోడవైపు తిరిగింది. ఆమె అప్పుడు ఏమనుకున్నదో నాకు తెలియదు. ఆ సాయంత్రం ల్యాబ్‌లో పెద్ద గాజుజాడీ ఒకటి కడిగి ఆరబెట్టాను. మాట ఇచ్చిన రోగి అంతకుముందు మాకు ఎవరూ లేరు. ఇటువంటి కేసు మా పరిశోధనకు ఎంత విలువైందో నాకు తెలుసు. అలా ఆలోచించడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

ఆ తరువాతి గురువారం యాకోబు వార్డులోనే ఉన్నాడు కాబట్టి, మొదటిసారి పొద్దున్నే అందరితో పాటు బెంచీ దగ్గరకు తీసుకువచ్చాం. బెంచీ మీద కూర్చోలేడని వీపు వెనుక దిండు పెట్టి కుర్చీ వేశాం. మార్తమ్మ అతని కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. దేవయ్య ముందురోజే బయలుదేరి, బియ్యం సంచితో ఆ పొద్దుటి బస్సుకే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. బెంచీకి ఆ చివర ధర్మపురి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, పురోహితుల ఇంటి మనిషి, ఎవరికీ తగలకుండా పక్కన మడతబట్ట పెట్టుకొని కూర్చుంది. ఆమె కడుపూ అలాగే ఉబ్బి ఉంది. మధ్యలో నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే వాళ్ల కోడలు గంగవ్వ, ఒళ్లో పసివాడు. వాడి పొట్ట మీద నీలంరంగు నరాలు తేలి కనిపిస్తున్నాయి.

నేను ఆ చివర నుంచి మొదలుపెట్టాను. తిండి, నీళ్లు, కామెర్లు అయ్యాయి. "సారాయి అలవాటు ఉన్నదా? ఇప్పుడు గాని, ఇంతకుముందు గాని?"

"రామ రామ!" అంది పెద్దావిడ. "ఏకాదశి నాడు మంచినీళ్లు గూడ ముట్టనిదాన్ని. పోయినసారి గూడ గిదే అడిగితివి గదయ్యా! మల్లొస్తే మల్ల అడుగుతవా?"

"అడుగుతానమ్మా."

"అడుగు. నీ నోరే నొస్తది."

తరువాత గంగవ్వ. పసివాడి పేరు మీద ఉన్న కాగితం తీసి అదే ప్రశ్న చదివాను. పసివాడైనా కాగితం అదే, ప్రశ్న అదే. వాడికి అంటగట్టేదేమీ లేదు, ఇల్లంతా కలిపి తెలుసుకోవాలని అడిగేవాళ్లం.

"వచ్చినప్పుడల్ల గిదే అడుగుడాయె!" అంది గంగవ్వ. "వీనికింక పండ్లే మొలువలే సారూ. తాగుతడు, దండిగ తాగుతడు, నా పాలు. గది గూడ రాస్కో!"

బెంచీ అంతా నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వింది. మార్తమ్మ నవ్వలేదు. లేచి గంగవ్వ ముందుకు వచ్చి నిలబడింది.

"బిడ్డా, పిలగాన్ని జర ముట్టుకోనా?"

గంగవ్వ పసివాడి మీద బట్ట తొలగించింది. మార్తమ్మ కూర్చొని, అరచేయి వాడి కడుపు మీద, కుడివైపు పక్కటెముకల కింద ఆనించింది. నెలల తరబడి రోజూ భర్త కడుపుకు నూనె రాసిన చేయి అది. వెతుక్కోకుండానే ఆ చోటికి పోయింది. కొంచెంసేపు అలాగే ఉంచింది.

"గదే గట్టితనం" అంది. ఆ తరువాత నా వైపు తిరిగింది. "సారూ, గీ పిలగాన్ని గూడ పోయినపారి అడిగిన్రా?"

"అడిగినం. వచ్చినప్పుడల్ల అడుగుతం."

"గా అవ్వను?"

"ఆమెను గూడ. అందరినీ అడుగుతం మార్తమ్మా, గిదే మాట."

"అందర్నా?"

"అందరినీ."

ఆమె మెట్ల వైపు చూసింది. "అన్నా, ఇటు రా."

దేవయ్య వచ్చాడు. "ఏమైంది చెల్లె?"

"గీ పిలగాని కడుపు మీద చెయ్యి వెట్టు."

"పసిపిలగాని మీద నేనెందుకు..."

"చెయ్యి వెట్టుమంటున్న గదా."

అతను వంగి రెండు వేళ్లు ఆనించాడు. మార్తమ్మ ఆ చేతి మీద తన చేయి వేసి నొక్కిపట్టింది. "గీ పిలగాడు ఎన్నడు తాగిండు జెప్పు. గా అవ్వ ఎన్నడు తాగింది జెప్పు. వీళ్లను గూడ ఐతారం నాడు నిలవెట్టి ఒప్పుకొమ్మందువా?"

పసివాడు ఏడుపు అందుకున్నాడు. కుర్చీలోంచి యాకోబు సన్నటి గొంతుతో అన్నాడు, "మార్తా, పిలగాడు బెదురుతున్నడు. మీ అన్నను ఇడిసిపెట్టు."

ఆమె చేయి తీసింది. వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చొని, మోకాలి మీద నుదురు పెట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వినకూడదనుకున్నా వినబడింది.

"నీ డబ్బ వాసన జూసిన నేను."

"ఎరుకే."

"ఎరుకైతే ఎందుకనలే?"

"ఏం వాసనొచ్చె?"

"పచ్చిపులుసు వాసన."

"మరి గదే."

ఇంకా యాకోబు కాగితం మిగిలి ఉంది. అప్పుడు ఆ ప్రశ్న ఎలా అడగాలో తెలియక నిలబడిపోయాను. అతనే నా ఇబ్బంది చూశాడు. "అడుగు సారూ. నన్నొక్కన్ని ఇడిసిపెడ్తే ఎట్ల? వరుస తప్పుతది."

అడిగాను. "సారాయి అలవాటు ఉన్నదా? ఇప్పుడు గాని, ఇంతకుముందు గాని?"

అతను నోరు తెరిచేలోపల మార్తమ్మ తల ఎత్తకుండానే అంది, "ఉండె. ఇడిసిపెట్టిండు. మల్ల ముట్టలే."

పసివాళ్లకు తప్ప, జవాబు రోగి నోటితోనే చెప్పాలన్నది మా నియమం. యాకోబు వైపు చూశాను. "ఆమె జెప్పింది రాస్కో" అన్నాడు. అలాగే రాశాను. పక్కన, భార్య చెప్పింది అని కూడా రాశాను. డాక్టరమ్మ చూసి కొట్టివేయలేదు.

దేవయ్య ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయాడు, చెల్లెలికి గానీ బావకు గానీ ఒక్క మాట చెప్పకుండా. అతను మళ్లీ రాడని కొందరు అనుకున్నారు. కానీ ఆ ఆదివారం దాటగానే మంచిర్యాల నుంచి పాస్టరును వెంటబెట్టుకొని వచ్చాడు. సంఘం ముందు ఏం చెప్పాడో మాకు చెప్పలేదు. ప్రభు భోజనం వార్డులోనే, మంచం దగ్గర ఇచ్చారు. యాకోబు తల ఎత్తలేకపోతే దేవయ్య మంచం మీద కూర్చొని, అతని తలను తన చేతి మీద ఆనించుకొని గిన్నె పట్టాడు. గుక్కెడు ద్రాక్షరసం మింగాక యాకోబు కళ్లు తిప్పి వార్డంతా వెతికాడు. గుమ్మంలో నేను కనబడ్డాను.

"రక్తం సారూ," అన్నాడు, "గిది రాయకు. గిది లెక్కల రాదు."

దేవయ్య నవ్వబోయాడు. గిన్నె ఒరిగి రెండు చుక్కలు దుప్పటి మీద పడ్డాయి.

క్రిస్మస్ ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం, యాకోబు పోయాడు. మార్తమ్మ పక్కనే ఉంది. డాక్టరమ్మ కొంత సమయం ఇచ్చి, తరువాత ఆమె దగ్గరకు వెళ్లారు. నేను నాలుగు అడుగులు వెనుక నిలబడ్డాను. జాడీలో ఫార్మలిన్ పోసి, చీటీ కూడా అంటించి ఉంచాను.

"అమ్మా, యాకోబు ఒక మాట ఇచ్చాడు. మీరు వద్దంటే ఆ మాట లేదనే అనుకుంటాను" అన్నారు డాక్టరమ్మ.

మార్తమ్మ కంటే ముందు దేవయ్య అన్నాడు, "ఇచ్చిన మాటుంది గదా చెల్లె. కోసి జూడనియ్యి. ఏమున్నదో తేలితే సంఘంల ఇంక నోరెత్తేటోడు ఉండడు."

ఆమె అన్న వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "నీకింక సాక్ష్యం గావాల్నా అన్నా?"

అతను పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

ఆమె డాక్టరమ్మ చేయి పట్టుకుంది. "ఆయన కొయ్యుమన్నది నాకు జూపెట్టనీకె. నేను జూసేది ఏం లేదమ్మా. ఇప్పుడు కొయ్యనిస్తే నేనింక నమ్మనట్టే అయితది. వద్దమ్మా."

డాక్టరమ్మ రెండోసారి అడగలేదు. "సరే అమ్మా" అని, ఆ చేతిని కొంచెంసేపు పట్టుకునే ఉన్నారు. ల్యాబ్‌కు వచ్చాక నేను జాడీలోని ఫార్మలిన్‌ను తిరిగి డబ్బాలో పోశాను. చీటీ తడిపి గీకేశాను. ఒప్పుకొని ఉంటే మా పరిశోధనలో అది ముఖ్యమైన నమూనా అయ్యేది. ఆ బాధ నాకు ఉంది, డాక్టరమ్మకూ ఉండే ఉంటుంది. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. యాకోబు శరీరాన్ని సాయంత్రం లారీలో నస్పూర్ తీసుకుపోయారు. దేవయ్య ముందు సీటులో కూర్చోలేదు. వెనుక, తలవైపు కూర్చున్నాడు.

కొన్నేళ్లకు ఈ జబ్బుకు కొన్ని వైరస్‌లు కారణమని తేలింది. కామెర్లు వచ్చి పోయినట్టే పోయి, అవి ఏళ్ల తరబడి కాలేయంలో దాగి, దాన్ని ముడులుగా మార్చి, చివరకు క్యాన్సర్ తెస్తాయట. బూజు పట్టిన గింజల విషం కూడా దానికి తోడవుతుందన్నారు. పసిపిల్లలకు వచ్చేదానికి కారణాలు వేరని చెప్పారు. యాకోబుకు ఏది కారణమో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. డాక్టరమ్మ అప్పుడు అన్నదే నేనూ అంటాను. కనబడింది చెప్తాను, కనబడనిది చెప్పను.

ప్రశ్నను మేము మార్చలేదు. మాటలు అవే, వరుస అదే. కానీ ఆ తరువాతి గురువారం నుంచి డాక్టరమ్మ చెప్పినమీదట, ప్రశ్నలు మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పడం అలవాటు చేసుకున్నాను. "ఇవి అందరినీ అడుగుతం. వచ్చినప్పుడల్ల అడుగుతం. పండ్లు మొలువని పిలగాన్ని గూడ అడుగుతం." దూరం నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్లను కూడా విడిగా కూర్చోబెట్టడం మానేసి, వీలైనంతవరకు ముందురోజే రప్పించి, బెంచీ మీద అందరి మధ్యనే కూర్చోబెట్టేవాళ్లం. పనిలో ఉన్నంతకాలం ఆ మాట చెప్పకుండా నేను ఎవరినీ అడగలేదు. చాలామంది నవ్వేవారు. నవ్వకుండా ఊరుకున్నవాళ్లు కనబడితే కాగితం పక్కన పెట్టి, వాళ్ల వెంట వచ్చిన ఇంటిమనిషి ముఖం ముందు చూసేవాణ్ణి.